ఊపిరి బిగబట్టిన మగవాళ్ళకు జేజేలు

మగవాళ్ళకి తమ పొట్ట చూసుకుని సిగ్గుపడటం వచ్చింది. నా ఇన్నేళ్ళ బతుకులో ఆడవాళ్ళకి జరిగిన మేళ్ళలో, వంటగ్యాసు తర్వాత, ఇంత గొప్ప మేలు మరొకటి లేదు!

నవ్వకండి. నేను వేళాకోళానికి రాయడం లేదు. ఒకప్పుడు ఇంటికి కావలసిన సిగ్గంతా మేమే పడేవాళ్ళం. లావైతే మాకు సిగ్గు, సన్నబడితే మాకు సిగ్గు, రంగు తక్కువైతే ఇక చెప్పక్కర్లేదు. మగవాడు మాత్రం వీధి గుమ్మంలో నిలబడి, పొట్ట నిమురుకుంటూ, పక్కింటావిడ ఈమధ్య బాగా ఒళ్ళు చేసిందని చెప్పేవాడు. ఆ నిమిరే చెయ్యి దేని మీద ఉందో ఆయనకి గుర్తుండేది కాదు.

ఇప్పుడు చూడండి! మా లిఫ్టు తలుపు తెరుచుకోగానే లోపలున్న మగవాళ్ళందరూ ఒక్కసారి పొట్టలు లోపలికి లాక్కుంటున్నారు. ఉన్న గాలంతా వాళ్ళే పీల్చేస్తే మిగతావాళ్ళం ఏం కావాలన్నది వేరే సంగతి. తీరా ఎక్కింది నేనని తెలిశాక మళ్ళీ వదిలేస్తారు. నన్ను చూసి ఊపిరి బిగబట్టేవాడు ఈ బిల్డింగులో ఒక్కడూ లేడు. దానికి నాకేమీ కోపం లేదు.

సమానత్వం అంటే ఇదే కదూ? మా సిగ్గు మాకు తగ్గించమని ఎన్నాళ్ళో అడిగాం. తగ్గించడం కుదరలేదు కాబట్టి వాళ్ళకి కూడా సమానంగా పంచారు. ఎవరో పెద్దమనసున్నవాళ్ళే చేసి ఉంటారు.

మా పైఅంతస్తులో లెక్కల మాస్టారున్నారు. రిటైరయ్యారు. ఛాతీ మీద వెంట్రుకలు నెరిశాయని వాటికి రంగు వేసుకున్నారు. చొక్కా లోపల ఉన్నవాటికి! "ఎవరు చూస్తారండీ అక్కడ?" అని వాళ్ళావిడ అడిగితే, "నేను చూసుకోనా?" అన్నారట. ఆ జవాబు నాకు భలే నచ్చింది. ఒక మగవాడు తనను తాను చూసుకోవడానికి తీరిక చేసుకున్నాడంటే దేశం ఎంత ముందుకు పోయినట్టు!

వీధి చివర మందుల షాపుంది. ఇదివరకు దగ్గుమందు ముందు అరలోనే ఉండేది. ఇప్పుడు ముందు అరలన్నీ మగతనమే. పొడి ఒకటి, మాత్ర ఒకటి, పూత ఒకటి. కండలకొకటి, జుట్టుకొకటి, మిగతా విషయాలకొకటి. ఆ మిగతా విషయాలు ఏమిటి నాయనా అని అడిగాను.

"మీకెందుకులెండి మామ్మగారూ" అన్నాడు షాపతను.

"నలుగురు పిల్లల్ని కన్నదాన్ని. నాకు కాక ఇంకెవరికి?" అన్నాను.

అతను దగ్గుమందు వెతకడానికి వెనక గదిలోకి వెళ్ళి చాలాసేపటి దాకా రాలేదు.

ఇదంతా ఊరివాళ్ళ గొడవ అనుకునేరు. ఈ శుభం మా ఇంటికి కూడా వచ్చింది.

మా ఇంట్లో ముగ్గురం ఉంటాం. నేనూ, మా మనవడూ, వాడి పెళ్ళామూను. మనవడు పుట్టినప్పుడే బొద్దుగా పుట్టాడు. అందుకని బొద్దూ అని పిలిచేదాన్ని. పెళ్ళయ్యాక కూడా ఆ పేరే. ఇంట్లోకి వస్తూనే "నాయనమ్మా, బొద్దుగాడొచ్చాడు, ఏముంది తినడానికి?" అని వాడే కేకేసేవాడు. మనవడి పెళ్ళాం ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. నేను ఎక్స్‌రే పిల్లా అంటాను, పలుకుతుంది. రోజంతా మనుషుల్ని ఎముకల దాకా చూసి వచ్చే పిల్ల. ఆ పిల్ల దగ్గర దాచడానికి మనిషికి ఏముంటుంది చెప్పండి?

వాడిది కళ్ళద్దాల షాపులో ఉద్యోగం. ఆ షాపు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఎటు చూసినా అద్దాలే. కౌంటరు మీద ఒకటి, గోడకి నాలుగు, స్తంభం చుట్టూ ఇంకొన్ని. అన్నేళ్ళు ఆ అద్దాల మధ్య తిరిగి కూడా వాడు తనని చూసుకోలేదు. వచ్చినవాళ్ళ ముక్కులు, చెవులు చూస్తూ పనిచేసుకున్నాడు. అంత వెనకబడ్డవాడు!

అప్పుడు షాపు ఓనరు ఒక పోస్టరు తెచ్చి వాడి కౌంటరు పక్కనే అంటించాడు. అందులో ఒక కుర్రాడు. నల్లద్దాలు పెట్టుకున్నాడు. చొక్కా లేదు. కళ్ళద్దాలు అమ్మడానికి చొక్కా ఎందుకు విప్పాలో నాకు తెలియదు గానీ, విప్పాడు. పొట్ట ఉండవలసిన చోట ఇటికలు పేర్చినట్టుంది.

ఒకరోజు ఒక పెద్దావిడ కొత్త అద్దాలు పెట్టుకుని పరీక్షగా పోస్టరు వంక చూసింది. తర్వాత మావాడి వంక చూసింది. మళ్ళీ పోస్టరు వంక చూసింది.

"బాబూ, అద్దాలు బాగా కుదిరాయి. ఇప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తోంది" అంది.

పాపం, ఆవిడ మంచికే అంది. మావాడు ఆ సాయంత్రం ఇంటికి వచ్చి "ఏముంది తినడానికి?" అని అడగలేదు. "నాయనమ్మా, ఇకమీద నన్ను ఆ పేరుతో పిలవకు" అన్నాడు.

అక్కణ్ణుంచి మా ఇల్లు బాగుపడటం మొదలైంది.

ముందు పొడి డబ్బా వచ్చింది. నీళ్ళ బిందె అంత డబ్బా. దాని మీద కూడా చొక్కా లేనివాడే. వంటింట్లో ఏ మూల పెట్టినా నన్నే చూస్తుండేవాడు. వంట చేసుకుంటుంటే పరాయి మగవాడు అలా నిలబడి ఉంటే ఎంత ఇబ్బంది! వాణ్ణి గోడవైపు తిప్పి పెట్టేదాన్ని. తెల్లారి మావాడు మళ్ళీ ఇటు తిప్పేవాడు. వాడికి స్ఫూర్తి కావాలట.

తర్వాత బనీను వచ్చింది. మామూలు బనీను కాదండీ. బిగుతు బనీను. తొడుక్కుంటే పొట్టని లోపలికి నొక్కి, ఛాతీని పైకి ఎత్తి చూపిస్తుంది. ఆ నొక్కిన పొట్ట ఎక్కడికి పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మావాడు ఒక సైజు చిన్నది కొన్నాడు. చిన్నదైతే త్వరగా పనిచేస్తుందని ఫోనులో ఎవరో చెప్పారట. షాపుకి అదే. ఇంట్లో అదే. పడుకునేటప్పుడు కూడా అదే.

ఇప్పుడు మీరు తెలివైనవాళ్ళు కాబట్టి అడుగుతారు. పడుకునేటప్పుడు ఎందుకు?

అక్కడే ఉంది అసలు ప్రయోజనం! కుటుంబ నియంత్రణ కోసం ప్రభుత్వాలు గోడల మీద బొమ్మలు గీయించాయి, రేడియోలో పాటలు పెట్టించాయి. మా కాలంలో నర్సమ్మలు ఇంటింటికీ తిరిగి గొంతులు పోగొట్టుకున్నారు. ఇంతమంది కలిసి చేయలేని పనిని ఒక్క బనీను చేసి చూపించింది! మందు లేదు, మాత్ర లేదు, ఆపరేషను లేదు. మగవాడికి తన ఒళ్ళంటే రోత పుట్టిస్తే చాలు. ఇంకేమీ అక్కర్లేదు.

ఈ సంగతి నాకెలా తెలిసిందంటారా? ఎక్స్‌రే పిల్లే చెప్పింది. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే క్లిప్పులు అందిస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"మామ్మగారూ, నేను బాగోనా?"

"అదేం ప్రశ్నే? నీకేం తక్కువ?"

"మరి నా వంక చూడడేం? లైటు తీసేస్తాడు. నేను చెయ్యి వేస్తే నా చెయ్యి తీసి పక్కన పెడతాడు, పక్కమీద ఎవరిదో వస్తువు పడి ఉన్నట్టు. అటు తిరిగి పడుకుంటాడు. ఇదివరకు ఇలా ఉండేవాడు కాదు." తడి దుప్పటి కొస పిండుతూనే ఉంది. అందులో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. "వేరే ఎవరైనా ఉన్నారా మామ్మగారూ? నిజం చెప్పండి. నేను అడిగానని తనకి చెప్పనని ఒట్టు వెయ్యండి."

ఒట్టు వేశాను. వాణ్ణి విడిగా పట్టుకున్నాను. వాడూ ముందు ఒట్టు వేయించుకున్నాడు.

"తనకి చెప్పనంటేనే చెప్తా. నాకు తనంటే ప్రాణం నాయనమ్మా. కానీ ఇలా ఎలా వెళ్ళను తన దగ్గరికి? కొంచెం షేపు రానీ. తర్వాత అన్నీ మామూలే."

"అదేమిట్రా, పెళ్ళాం దగ్గరికి వెళ్ళడానికి కూడా ఇంటర్వ్యూ ఉందా?"

"నీకు తెలీదులే. ఈ కాలం ఆడవాళ్ళు మీలా కాదు. వాళ్ళూ పోస్టర్లు చూస్తారు."

"ఆ పిల్లని అడిగావా?"

"అడిగితే బాగానే ఉన్నావంటుంది. మంచిది కాబట్టి."

చూశారా ఎంత గౌరవమో! పెళ్ళాం మాట నమ్మలేదు గానీ కళ్ళద్దాలు పెట్టుకొచ్చిన పెద్దావిడ మాట నమ్మాడు. ఎంతైనా చూపు సరిచేసి పంపింది వాడే కదా.

ఇక్కడ మా కాలం ఎంత వెనకబడి ఉండేదో చెప్పాలి. మా ఆయన బస్సు డ్రైవరు. ఆయన పొట్ట స్టీరింగుకి ఆనేది. చేతులు వదిలేసినా బస్సు తిన్నగానే పోతుందని కండక్టరు అనేవాడు. డ్యూటీ దిగి వచ్చి చొక్కా విప్పి మంచం మీద వాలేవాడు. నేను ఆ పొట్ట మీద తలపెట్టుకునేదాన్ని. లోపల ఏవేవో చప్పుళ్ళు. ఆ వేళ ఏ హోటల్లో ఏం తిన్నాడో ఆయన చెప్పకుండానే నాకు తెలిసిపోయేది. పిల్లలు బడికి పోయిన వేళల్లో పట్టపగలే... సరే, ఆయన లేడు, ఉంటే సిగ్గుపడేవాడు. పొట్ట చూసి కాదు, నేనిది రాస్తున్నానని.

ఆయన ఏనాడూ "నేనెలా ఉన్నాను?" అని అడిగి ఎరగడు. "అలిసిపోయావా?" అని మాత్రం అడిగేవాడు. అవునంటే కాళ్ళు పట్టేవాడు. కాదంటే నవ్వేవాడు. తనని చూసుకోవడం మర్చిపోయి నన్ను చూస్తూ కూచునేవాడు. ఎంత టైము వృథా! ఆ టైములో ఎన్ని బస్కీలు తీయొచ్చు!

సరే, మళ్ళీ మా ఇంటికొస్తాను. నాకు రెండు నిజాలు తెలుసు. రెంటి మీదా ఒట్టు ఉంది. జీవితమంతా నోరు మూసుకోలేదని పేరు తెచ్చుకున్నదాన్ని, మూసుకోకూడని సమయంలో మూసుకుని కూచున్నాను. ఒట్టు తీసి గట్టున పెడదామా అని నేను ఆలోచిస్తుండగానే ఒక ఆదివారం ఉదయం ఎక్స్‌రే పిల్ల మంచం కింద నుంచి బ్యాగు లాగింది.

"వేరే ఊరి ఆస్పత్రిలో ఉద్యోగానికి రమ్మంటున్నారు మామ్మగారూ. హాస్టలు కూడా ఇస్తారట. రేపు పొద్దునకల్లా చెప్పాలి. వస్తానని చెప్పేస్తాను."

"వాడితో చెప్పావా?"

"చెప్పా. నీ ఇష్టం అన్నాడు." చీర మడత పెడుతోంది. మడత కుదరడం లేదు. విప్పి మళ్ళీ పెడుతోంది. "వద్దు అంటాడేమోనని కాసేపు నిలబడ్డా. అనలేదు."

అనడు. ఎందుకంటాడు? వెళ్ళిపోతేనే ఆ పిల్లకి సుఖమని వాడి లెక్క. వాడికి తనే అక్కర్లేదని ఈ పిల్ల లెక్క. ఇద్దరికీ లెక్కలు బ్రహ్మాండంగా వచ్చు. పైఅంతస్తు మాస్టారు చెప్పినా అంత బాగా రావు.

అప్పుడు బాత్రూములోంచి కేక వినిపించింది. కేక అంటే కేక కాదు. దిండు కింద పిల్లి అరిచినట్టు.

"నాయనమ్మా! నువ్వొక్కదానివే రా!"

వెళ్ళాను. మావాడు స్నానం చేసి, ఒళ్ళు సరిగ్గా తుడుచుకోకుండా ఆ బనీను తొడుక్కోబోయాడు. తడి ఒంటి మీద అది చుట్టుకుపోయి, చంకల దగ్గర తాడులా బిగుసుకుంది. చేతులు రెండూ పైకి. తల బనీను లోపల. కింద లుంగీ. మధ్యలో, ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడని పొట్ట, పాపం, వెలుతురు చూసి బిత్తరపోయినట్టుంది.

"లాగు నాయనమ్మా!"

లాగాను. కీళ్ళనొప్పుల చేతులు. ఏం లాగుతాను? సబ్బు రాశాను. ఇంకా జారి, ఇంకా బిగిసింది.

"కత్తెర తెస్తానుండు."

"వద్దు! కొత్తది!"

"పోనీ దాన్ని పిలవనా?"

"చచ్చినా పిలవకు!"

"పిలవకపోతే రేపు షాపుకి ఇలాగే పోతావా? చేతులెత్తి? దొంగ దొరికాడనుకుంటారు."

"నాయనమ్మా, నీకు దండం పెడతా..."

"ఎలా పెడతావురా ఆ చేతులతో?" అని తలుపు తీసి పిలిచేశాను. పిలవనని ఒట్టయితే వేయలేదు కదా.

ఆ పిల్ల చేతిలో మడత చీరతోనే వచ్చింది. గుమ్మంలో ఆగింది. మావాడికి ఏమీ కనపడదు గానీ అడుగుల చప్పుడు తెలుసు. గోడవైపు తిరిగిపోయాడు. నేను పొడి డబ్బాని తిప్పి పెట్టినట్టే.

ఆ పిల్ల నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఏడుస్తుందనుకున్నాను. అదీ లేదు. చీర నాకిచ్చి లోపలికి వెళ్ళింది. భుజం విరిగినవాళ్ళ చొక్కాలు, చెయ్యి లేవనివాళ్ళ జాకెట్లు రోజూ ఊడదీసే మనిషి. ఆస్పత్రి గొంతుతో మొదలుపెట్టింది.

"ఇటు తిరగండి. కంగారు పడకండి. కుడి చెయ్యి బరువు నా మీద వదిలెయ్యండి. మోచెయ్యి వంచండి. ఊపిరి గట్టిగా పీల్చండి. ఆపండి. కదలకండి."

ఒక చెయ్యి వచ్చింది. రెండో చెయ్యి వచ్చింది. తల వచ్చింది. జుట్టంతా లేచి నిలబడి, ముఖం ఎర్రగా కంది ఉంది. బనీను ఆ పిల్ల చేతిలో ఉంది. పని అయిపోయింది. కానీ మావాడు ఊపిరి వదలడం లేదు! పొట్ట వెన్నుకి అంటేలా లోపలికి లాక్కుని, పోస్టరులా నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. బిగబట్టడం వల్లనో, మరెందుకో.

ఆ పిల్ల చూసింది. ఆ పొట్ట వంక చూసింది, చేతిలో బనీను వంక చూసింది, అది వాడి చంకల దగ్గర, నడుం దగ్గర వేసిన ఎర్రటి గీతల వంక చూసింది. అంతా అర్థమైపోయింది. ఎముకలు చదివే పిల్లకి ఇదెంత?

"ఇన్నాళ్ళూ ఇందుకా?" అంది.

వాడు తల ఊపాడు. మాట్లాడితే ఊపిరి పోతుంది కదా.

"నేను నీకు వద్దేమో అనుకున్నా. బ్యాగు కూడా సర్దుకున్నా తెలుసా?"

వాడు మళ్ళీ తల ఊపాడు. ఈసారి అడ్డంగా. గట్టిగా.

"ఇక వదిలెయ్యి."

"వదిలితే పొట్ట వస్తుంది" అన్నాడు, ఉన్న కాస్త గాలితో.

"రానీ. అది ఎప్పుడొస్తుందా అనే చూస్తున్నా."

వదిలాడు. చలి మొదలైనప్పుడు పీల్చిన ఊపిరి, ఎండలు ముదిరాక వదిలాడు. పొట్ట బయటికి వచ్చింది. ఆ పిల్ల దాని మీద అరచెయ్యి వేసింది. వాడు ఆ చెయ్యి తీసి పక్కన పెట్టలేదు.

ఇంక ఆ బాత్రూములో నాకేం పని? తలుపు దగ్గరికేసి వంటింట్లోకి వచ్చాను. మాది చిన్న ఇల్లు. గోడలు పలచన. అందుకని మిక్సీ వేశాను. అందులో ఏమీ లేదు. ఉత్త మిక్సీ. వాళ్ళు బాత్రూములోంచి వాళ్ళ గదిలోకి వెళ్ళిన చప్పుడయ్యాక ఇంకో నంబరు పెంచాను. కాసేపటికి కాలిన వాసన వచ్చింది. నాకేమీ బాధ లేదు. కొత్త మిక్సీ నేను అడక్కుండానే మావాడు కొనుక్కొచ్చాడు. ఎందుకు కాలిందని కూడా అడగలేదు.

మర్నాడు ఎక్స్‌రే పిల్ల ఆ ఊరి ఆస్పత్రికి ఫోను చేసి రావడం లేదని చెప్పింది. బ్యాగు మంచం కిందికి పోయింది. బనీనుని నేను పిండి డబ్బాకి తొడిగాను. డబ్బా చాలా నాజూగ్గా కనిపిస్తోంది. లోపల పిండి మాత్రం ఉన్నంతే ఉంది.

కాబట్టి అయ్యలారా, బిగుతు బనీను గొప్పదని నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను. ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉండాలి. ఒక సైజు చిన్నది కొనండి. ఒళ్ళు తుడుచుకోకుండా తొడుక్కోండి. ఇంట్లో మీ ఆవిడ ఉన్న సమయం చూసి మరీ ఇరుక్కోండి. దాన్ని తయారుచేసినవాళ్ళు చల్లగా ఉండాలి. మా ఆడవాళ్ళకి పూతలూ పొడులూ అమ్మి అమ్మి, ఇక మా ఒంటి మీద సిగ్గుపెట్టడానికి చోటు మిగలక, మంచానికి అటుపక్క పడుకున్నవాణ్ణి కనిపెట్టారు. అటుపక్క ఒకడు తనను తాను చూసుకుంటూ, ఇటుపక్క ఒకతె అతను చూడటం లేదేమని తనను తాను చూసుకుంటూ. మధ్యలో ఉన్న ఆ జానెడు ఖాళీలోనే కదా వాళ్ళు దుకాణం పెట్టింది!

ఆ పోస్టరు కుర్రాడి గురించి కూడా నాకు దిగులే. వాడు ఆ ఫొటో కోసం ఎంతసేపు బిగబట్టాడో. వాడికి వదలమని ఎవరైనా చెప్పారో లేదో.

మీ సంగతీ నాకు తెలుసు. ఇది చదువుతూ ఒంటరిగా కూచున్నారు, చుట్టుపక్కల ఎవరూ లేరు, అయినా పొట్ట లోపలికే లాక్కుని ఉన్నారు. పక్క గదిలో ఒకావిడ దుప్పటి మడత పెడుతోంది. మడత కుదరడం లేదు.

ఇక వదలండి. వదిలి, లేచి, లోపలికి వెళ్ళండి. లైటు ఉండనివ్వండి. మిక్సీ సంగతి నేను చూసుకుంటాను.